చుట్టుబాటలో పసుపు ముద్ద

కరీంనగర్‌కు జీపు డ్రైవరుగా వచ్చినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అంతకుముందు ఇచ్చోడ, ఆసిఫాబాద్ అడవుల్లో కట్టె లారీ నడిపినవాణ్ని. అడవిలో దారి తప్పడం కష్టం, ఉండేదే ఒక్క దారి కాబట్టి. ఇక్కడ ఉద్యోగం టీకాల ఆఫీసులో. మశూచి టీకాలు వేసే సారునీ, ఆయన మనుషులిద్దరినీ, మందు పెట్టెనూ వాడవాడకూ తిప్పాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్లయినా ఆఫీసులో సగం కాగితాలు ఉర్దూలోనే ఉండేవి. మిగతా సగం ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషులో ఉండేవి.

మొదటి రోజే పరువు పోయింది. పెద్ద దవాఖానకు పొమ్మంటే గంజ్ బజారులోకి పోయి పత్తిబండ్ల నడుమ ఇరుక్కున్నాను. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. ఎద్దులు జీపు బానెట్‌ను నాకుతుంటే టీకాల సారు దిగి, అందరూ వినేట్టుగా అన్నాడు.

"ఇచ్చోడ అడివిలకెల్లి మెకాన్ని పట్టుకొచ్చి స్టీరింగు ముందల కూసోబెట్టిండ్రు!"

గంజ్ అంతా నవ్వింది. నాకు కోపం ముక్కు మీదే ఉండేది ఆ రోజుల్లో. ఇప్పుడూ ఉంది కానీ పళ్లు లేవు.

ఆఫీసులో నాకు ముందున్న డ్రైవరు ఒక ముసలాయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను. పోలీసు చర్యకు ముందు ఒక పెద్ద అధికారి కారు నడిపిన ముసల్మాన్. ఉగాదికి ఆయన దిగిపోతాడు. ఈలోపు నాకు ఊరు నేర్పాలి. గంజ్ సంగతి విని ఆయన నవ్వలేదు.

"ఊరు నేర్వాలంటే లోపటికెల్లి పోవద్దు బేటా. చుట్టు తిరుగు. బర్రెను కొనేటోడు ముందుగాల చుట్టు తిరిగి చూస్తడా, సక్కగ పోయి నోట్లె చెయ్యి పెడ్తడా?"

అట్లా మొదలైంది చుట్టుబాట. అది సర్కారు వేసిన సడక కాదు. పాత రోజుల్లో నాకాల దగ్గర పన్ను ఎగ్గొట్టాలనుకున్న బండ్లు ఊళ్లోకి రాకుండా తొక్కీ తొక్కీ చేసిన బాట. మానేరు ఇసుక దగ్గర మొదలై, ఊరిని ఒక చుట్టు చుట్టి, మళ్లీ మానేరు దగ్గరికే వస్తుంది. జగిత్యాల సడకనూ వేములవాడ సడకనూ అడ్డంగా దాటుతుంది. రోజూ పొద్దు పొడవగానే, ఆఫీసు తెరవకముందే, ఇద్దరం జీపులో బయలుదేరేవాళ్లం. ఒక చుట్టుకు గంట పట్టేది.

ఆ గంటలో నేను చూసిన కరీంనగర్‌ను ఊళ్లోవాళ్లు చూడలేదనుకుంటాను. ఊరు తనకు అక్కర్లేనివన్నీ అక్కడ పారేసింది. తోళ్లు నానబెట్టే గుంతలు, పక్కనే కబేళా, దాని వెనుక కుక్కలు. బియ్యం మిల్లు ఊక కుప్పలు. ఒకవైపు సమాధులు, ఇంకోవైపు కాష్ఠాలు. కుష్ఠు రోగుల పాకలు నాలుగు, మనుషుల్ని చూడగానే వాళ్లే లోపలికి పోయేవాళ్లు. వేములవాడకు కోడె మొక్కు తీర్చడానికి పోయే జనం, ఊళ్లో బండి ఆపితే తిండికి ఖర్చవుతుందని ఆ బాటమీదే పొయ్యి వెలిగించుకొని గటక వండుకునేవాళ్లు. ఒక పది రోజులకు ఉస్తాద్ చెప్పిన మాటలో నిజముందని తెలిసింది. ఏ వాడ ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే, ఎక్కడ మొదలవుతుందో దానంతటదే తెలుస్తుంది. లోపల దారి తప్పడం మానేశాను.

అయితే బండి నడిపింది నేను కాదు, ఆయన. నేను పక్కన కూర్చునేవాణ్ని. ఎందుకో రెండో వారంలో అర్థమైంది. చాయ దుకాణం దగ్గర గ్లాసు అందిస్తే ఆయన చెయ్యి దానికి బెత్తెడు దూరంలో గాలిని పట్టుకుంది. నేను చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలిసింది.

"పొరలు వచ్చినయి బేటా, రెండింటికి. బాట ఎరికున్నది గనుక నడుస్తున్న. ఎవ్వరికి చెప్పకు. ఉగాది దాక జర సంభాళించు. కండ్లు పోయినయని తెలిస్తే నడుమల్నే తీసేస్తరు. పింఛను సుత రాదు. ఇంట్ల ముసలిది, విధవ బిడ్డ. ఏం తినాలె?"

పింఛను నిజంగా రాదో, అది ఆయన భయమో నాకు తెలియదు. సరే అన్నాను. ఆఫీసు గేటు దగ్గర ఆయన చేతిలో స్టీరింగు కనబడాలి, అంతే. తర్వాత రోజంతా నేనే నడిపేవాణ్ని. పొద్దున చుట్టుబాట మీద మాత్రం ఆయన నడిపేవాడు, నేను చెప్పేవాణ్ని. "గుంత", "బర్రెలు", "ఎడమకు జరుపు", "బండి వస్తున్నది". చక్రాల కింద ఇసుక పోయి మొరం రాగానే, మోరి వచ్చిందని ఆయనకే తెలిసేది. మిగతాది నా నోరు. అట్లా ఆ ఊరిని నేను కళ్లతోనే కాదు, నోటితో కూడా నేర్చుకున్నాను. గర్వంగా కూడా ఉండేది. ఒక మనిషి నా మాట మీద బండి నడుపుతున్నాడంటే ఇరవై ఆరేళ్ల వయసులో చిన్న సంగతేం కాదు.

చుట్టుబాట వేములవాడ సడకను దాటే చౌరస్తాలో కంకర కొట్టేవాళ్ల గుడిసెలు ఒక వరస ఉండేవి. పద్నాలుగో పదిహేనో. కరువు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. అందరికంటే ముందు లేచి కంకర కుప్ప దగ్గర సుత్తె పట్టుకొని కూర్చునే మనిషి ఒకామె ఉండేది. యాభై కూడా ఉండవు కానీ అందరూ అవ్వ అనేవాళ్లు. మా జీపు కనబడితే చాలు, ఎకసెక్కం మొదలు.

"ఏం కొడుకా, ఇంక తిరుగుడేనా? ఊరు దొరికిందా లేదా?"

"దొరుకుతది అవ్వా" అని ఉస్తాద్ అరిచేవాడు.

"గానుగెద్దు సుత గిన్ని చుట్లు తిరగది!"

ఆమె పక్కన నాలుగేళ్ల మనుమరాలు. జీపును చూడగానే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి సలాం కొట్టేది. నేను తిరిగి సలాం కొట్టకపోతే మొహం మాడ్చుకునేది. ఒకసారి మా సారును అడిగాను, కంకరోళ్ల గుడిసెలకు ఎప్పుడు పోతమని. ఆయన కాగితం చూడకుండానే చెప్పాడు.

"అవి మన వార్డుల లెవ్వు. పంచాయతీల సుత లెవ్వు. కుప్ప ఒడిసిందంటే లేసిపోతరు. లెక్కల లేనోళ్లకు టీకా యాడికెల్లి తేవాలె?"

మళ్లీ అడగలేదు. డ్రైవరు పని డ్రైవరుది.

మాఘం చివర్లో ఒక వారం పిల్ల కనబడలేదు. అవ్వ సుత్తె దగ్గర ఉండేది కానీ మమ్మల్ని చూసి ఏమీ అనేది కాదు. గుడిసె తలుపుకు వేపకొమ్మ కట్టి ఉంది. మా సారు రోజూ వాడవాడలో ఇదే చెప్పేవాడు: తలుపుకు వేపకొమ్మ కనబడితే ఆ ఇంట్లో తల్లి పోసినట్టు, అంటే మశూచి, ఆఫీసుకు కబురు పెట్టండి అని. అది చెప్పడానికి ఆయన్ని తిప్పేవాణ్ని నేను. అయినా ఆ కొమ్మను చూసి, ఏదో పండుగకు కట్టి ఉంటారని అనుకున్నాను. అనుకున్నానని తర్వాత నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి ఆఫీసుకు చెబితే, ఇంత పొద్దున జీపు అక్కడికెందుకు పోయిందని ఆఫీసులో అడుగుతారన్న భయం కూడా ఉంది.

ఆ పొద్దున చలి ఉంది కానీ వెలుతురు బాగానే ఉంది. చౌరస్తా దగ్గరికి వచ్చాం. సరిగ్గా బాట నడిమధ్యలో మోదుగాకు విస్తరి. విస్తరిలో పసుపన్నం ముద్ద, దాని మీద వేపరొబ్బ, కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు.

మా దిక్కు ఏ డ్రైవరూ ముద్దను తొక్కడు. హిందువైనా, ముసల్మానైనా, చదువుకున్నవాడైనా. దాన్ని ఎవడు దాటితే పెట్టినవాళ్ల పీడ వాడికి చుట్టుకుంటుంది. ఇచ్చోడ ఘాట్‌లో ఒకసారి ముద్ద కనబడితే మూడు లారీలు వరసగా నిలబడ్డాయి, ఏ కుక్కో వచ్చి తినిపోతే బాగుండునని. నేను నడిపిన చక్రాల కింద పాములు పోయాయి, ముంగిసలు పోయాయి, ముద్ద మాత్రం పోలేదు.

"ముద్ద!" అని అరిచాను.

ఉస్తాద్ చేతులు నలభై ఏళ్ల అలవాటు కొద్దీ స్టీరింగును ఎడమకు కోశాయి. ఆయన జ్ఞాపకంలో ఆ పక్క ఖాళీ నేల. ఆ పక్కన కంకర కుప్ప చాటు నుంచి అవ్వ ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడి ఉంది. జీపు ముందరి కొస ఆమె తొడకు తగిలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

ఇన్నేళ్లలో ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. నాకు మనిషి కనబడింది. ముద్దా కనబడింది. రెండూ ఒకేసారి కనబడితే నా నోట్లో నుంచి ముందు వచ్చింది ముద్ద. మనిషి అని అరిచి ఉంటే ఆయన బ్రేకు మీద నిలబడేవాడు.

ఉస్తాద్‌ను వెనక్కి తోసి నేను స్టీరింగు పట్టుకున్నాను. ఆమెనూ, గుడిసెలోంచి ఉరికొచ్చిన ఆమె కొడుకునూ ఎక్కించుకొని పెద్ద దవాఖానకు అడ్డదారిన తీసుకుపోయాను. తొడ ఎముక రెండుగా విరిగిందన్నారు. పోలీసు జవాను వచ్చి బండి ఎవరు నడిపారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పింది.

"నేనే అడ్డం వచ్చిన అయ్యా. జీపోళ్ల తప్పు లేదు."

జవాను అదే రాసుకొని పోయాడు. ఉస్తాద్ దవాఖాన అరుగు మీద కూర్చొని తువాలులో మొహం పెట్టుకొని ఏడ్చాడు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెప్పాలంటే, గండం గడిచిందనిపించింది.

సాయంత్రం రెండు బన్నులు, చాయ తీసుకొని ఆమె దగ్గరికి పోయాను. కొడుకు కాళ్ల దగ్గర కూర్చొని ఉన్నాడు. నన్ను చూడగానే ఆమె నా మణికట్టు పట్టుకుంది. కంకర కొట్టిన చెయ్యి, పట్టు విడిపించుకోవడం నా వల్ల కాదు.

"నీకు చెప్పకపోతే నా పాపం పోదు బిడ్డా. ముద్ద పెట్టింది నేనే. మనుమరాలికి తల్లి పోసింది. ఎనిమిది దినాలాయె. మీరు రోజు గదే యాళ్లకు వస్తరు గద. సర్కారు బండి, టీకాలోళ్ల బండి. తల్లిని పొలిమేర దాటించే జోరు దానికే ఉంటదనుకున్న. మీకు అంటగట్టాలని చూసిన. తొక్కిండ్రా లేదా అని చూస్తందుకే కుప్ప చాటుకు నిలవడ్డ. అందుకే తల్లి నన్ను కొట్టింది."

ఆమె ఇంకా దగ్గరికి గుంజింది.

"నా కాలు పోతే పోనీ. ఒక్క మాట నిజం చెప్పు. చక్రం ముద్దను తొక్కిందా?"

నా ముందు రెండు మాటలున్నాయి. తొక్కలేదు అంటే, మరి ఎందుకు పక్కకు పోయిందని అడుగుతుంది. ఎవరు తిప్పారు, ఎట్లా చూడలేదు, అన్నీ బయటికి వస్తాయి. ఉస్తాద్ కళ్ల దాకా పోతుంది. అదీగాక నొప్పితో ఆమె మొహం నల్లబడి ఉంది, ఒక చల్లని మాట చెబితే పోయేదేముంది అనిపించింది.

"తొక్కింది అవ్వా" అన్నాను.

ఆమె కళ్లు మూసుకొని రెండు చేతులూ జోడించింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఇన్నవా? తల్లి పోయింది. రేపు ఐతారం. పిల్లకు నీళ్లు పోయుండ్రి. వాడకట్టు పోరగాండ్లను పిలిచి ఇంత పెరుగన్నం పెట్టుండ్రి."

నా చెవులతో విన్నాను. పొక్కులు ఎండి పెచ్చులు రాలేదాకా నీళ్లు పోయవద్దు, పక్కపిల్లల్ని రానియ్యవద్దు అని మా సారు అరిచి చెప్పడం రోజూ వింటున్నవాణ్ని. అప్పుడే అక్కడే "ఆగు" అనవచ్చు. అనలేదు. చాయ గ్లాసు తీసుకొని బయటికి వచ్చేశాను. ఉస్తాద్ కోసం నోరు మూసుకున్నానని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను.

ఆ సాకు కూడా ఆయన నాకు మిగల్చలేదు. సోమవారం పొద్దున్నే పోయి ఆఫీసరు ముందు నిలబడి తన కళ్ల సంగతి తానే చెప్పేశాడు. బండి నడిపింది తానేనని కూడా చెప్పాడు. దవాఖానలో రాసుకున్న కాగితంలో జీపోళ్ల తప్పు లేదని ఉంది కాబట్టి ఆఫీసరు ఆ రెండో మాటను వినిపించుకోలేదు. అదే రోజు నుంచి రావద్దన్నారు. పోతూ పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఆమె ఎట్లున్నది?" అని మాత్రం అడిగాడు. అంటే ఆ సోమవారం నుంచి నా మౌనం ఎవరి కోసమూ కాదు. నా కోసమే. నేను అబద్ధమాడానని ఎవరికీ తెలియకూడదు, అంతే.

పిల్ల బుధవారం పోయింది. కొడుకు, ఇంకో ముగ్గురు వచ్చి అవ్వను దవాఖాన నుంచి నులకమంచం మీద మోసుకుపోతుంటే చూశాను. డాక్టరు వద్దన్నా వినలేదు. నన్ను చూసి కొడుకు, "పిల్ల పోయింది డ్రైవర్ సాబ్" అన్నాడు, నాకు చెప్పాల్సిన బాధ్యత ఉన్నట్టు. ఆ తర్వాత నేను చుట్టుబాట పట్టలేదు. ఊరు లోపలి దారులన్నీ వచ్చేశాయి కదా, ఇంక దానితో పనేముంది అనుకున్నాను.

రెండు వారాలు దాటాక వేములవాడ సడక మీద చాయ తాగుతుంటే బండివాడొకడు ఇంకొకడితో అంటున్నాడు. కంకరోళ్ల గుడిసెల్లో తల్లి తిరుగుతున్నదట, రెండిండ్లల్లో పిల్లలు పోయారట, అటునుంచి బండి తోలకు అని. గ్లాసు అక్కడే పెట్టి ఆఫీసుకు పోయి సారుకు చెప్పాను. ఎట్లా తెలుసని అడిగితే, చాయ దుకాణంలో విన్నానన్నాను. ఆయన నోటి దురుసు మనిషి కానీ పనిలో గట్టివాడు. వార్డుల లెక్క ఆ రోజు ఎత్తలేదు. మందు పెట్టె తానే మోసుకొచ్చి జీపులో పెట్టాడు.

మేము పోయేసరికి గుడిసెల తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఆడవాళ్లు తలుపులకు అడ్డం నిలబడ్డారు. లోపల గంపలు బోర్లించి ఉన్నాయి. ఒక గంప కింద నుంచి పిల్ల దగ్గు వినిపించింది. సారు బతిమాలాడు, తిట్టాడు, తన సొంత చేతి మీది టీకా మచ్చ చూపించాడు. ఎవరూ కదలలేదు.

"మా దగ్గర ఏం లేదు సారూ. ఎండకు పొక్కులు లేసినయి."

అవ్వ తన గుడిసె ముందు మంచం మీద కూర్చొని ఉంది. కాలుకు వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. ఆమె మాట అందరికంటే గట్టిగా వచ్చింది.

"తల్లి పోయింది సారూ. నా మనుమరాలిని తీస్కొని పోయింది. మీ జీపే ముద్దను తొక్కి పొలిమేర దాటించింది. నేను ఉత్తగ అంటలేను. అడుగుండ్రి గా డ్రైవర్‌ను."

అందరూ నా వైపు చూశారు. సారు కూడా చూశాడు. లోపలి నుంచి ఆ దగ్గు మళ్లీ వచ్చింది.

"తొక్కలే అవ్వా" అన్నాను. "ముద్దను తప్పించినం. తప్పించవోతేనే నీకు తాకింది. నేనే అరిసిన. దవాఖాన్ల నీకు అబద్ధం చెప్పిన."

తిడుతుందనుకున్నాను. కంకర రాయి అందుకొని కొడుతుందనుకున్నాను, కొట్టాలని కూడా కోరుకున్నాను. ఆమె తల తిప్పి ఆడవాళ్లకు చెప్పింది.

"గంపలు ఎత్తుండ్రి. తల్లి ఈడనే ఉన్నది. పోరగాండ్లను తీసుండ్రి బయటికి."

గంపలు లేచాయి. పిల్లలు ఒక్కొక్కరే వెలుతురులోకి వచ్చి కళ్లు నులుముకుంటూ నిలబడ్డారు. మంచిగా ఉన్నవాళ్లను సారు ఒక పక్కకు తీసి వరసగా టీకాలు వేశాడు. నేను స్పిరిట్ సీసా పట్టుకున్నాను. చివరగా అవ్వ తన చెయ్యి చాపింది. టీకా వేయించుకుంటూ, సారును కాదు, నన్ను చూస్తూ అడిగింది.

"గీ మాట దవాఖాన్లనే చెప్తే నా పిల్లకు నీళ్లు పోయుండ్రి అని అనకపోదును గద బిడ్డా?"

అంతకు ముందు పిలిచినట్టే బిడ్డా అని పిలిచింది. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది. నేను సీసాకు మూత పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను.